నగ వెనకవైపు: జైపూర్ నుంచి ఢిల్లీ దాకా ఆరు రోజులు

మొదటి రోజు: 2023 నవంబరు 20, సోమవారం

ఉదయం శంషాబాద్‌లో ఎక్కిన విమానం మధ్యాహ్నానికి నన్ను జైపూర్‌లో దింపింది. చేతిసంచిలో అమ్మ ఇచ్చిన చిన్న రేకు డబ్బా ఉంది. అందులో, దూది మీద, మా తాతగారు చిలకలపూడిలో తన చేత్తో చేసిన బుట్టకమ్మల జత ఉంది. రాగి మీద బంగారు పూత వేసిన కమ్మలవి. అంచుల్లో పూత అరిగి రాగి బయటపడింది కానీ, బుట్ట లోపలి మడతల్లో ఇప్పటికీ పచ్చగానే ఉంది.

బందరు పక్కనున్న చిలకలపూడి పేరు చెప్పగానే తెలుగువారికి గిల్టు నగలే గుర్తుకొస్తాయి. ఒక వస్తువు అసలుది కాదని చెప్పడానికి ఆ ఊరి పేరు ఎత్తడం నేను చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను, విన్న ప్రతిసారీ నొచ్చుకుంటూ వచ్చాను. మా తాతగారు మొదట బంగారం పనివారే. 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి 14 క్యారెట్లకు మించిన నగలు చేయడాన్ని నిషేధించినప్పుడు దేశమంతటా స్వర్ణకారుల కుంపట్లు చల్లారిపోయాయి. ఆ రోజుల్లోనే ఆయన పూత పనికి మారారు. నియంత్రణ చట్టం 1990లో రద్దయింది, కానీ అప్పటికి ఆయన కంటిచూపు మందగించింది.

ఈ ప్రయాణానికి కారణం ఆ కమ్మలే. పదిహేనేళ్లుగా మన దేశపు ఫ్యాషన్ లోకంలో స్వతంత్ర నగల డిజైనర్లు అనే ఒక వర్గం నిలదొక్కుకుంది. పెద్ద నగల దుకాణాల అండ లేకుండా, తమ పేరు మీద, తమ ఆలోచన మీద నగలు చేసి అమ్మేవారు వీరు. వారిలో చాలామంది వాడేది ఇత్తడి, వెండి, వాటి మీద బంగారు పూత. అదే లోహం, అదే పూత మా ఊళ్లో గిల్టు అనిపించుకొని, అక్కడ డిజైన్ అనిపించుకోవడానికి కారణమేమిటో ఆ పని జరిగే చోటికే వెళ్లి చూడాలనుకున్నాను.

సాయంత్రం జౌహరీ బజార్‌కు వెళ్లాను. 1727లో సవాయి జై సింగ్ కట్టించిన ఈ నగరంలో వృత్తుల వారీగా వీధులు ఏర్పడ్డాయి. జౌహరీ బజార్‌లోంచి చీలే గోపాల్‌జీ కా రాస్తాలో నేటికీ రాళ్ల వ్యాపారమే ప్రధానం. జాంబియా, కొలంబియా, బ్రెజిల్ గనుల ముడి పచ్చలు ఎన్నో ఈ నగరంలో సానపట్టుకొని లోకమంతా వెళతాయి. అయినా ఆ వీధిలో నన్ను కట్టిపడేసింది రాళ్లు కాదు, వాటిని చుట్టే కాగితం. తెల్లకాగితాన్ని ఒక పద్ధతిలో ఐదారు మడతలు పెట్టి చేసిన పొట్లాన్ని వ్యాపారి ఒక్క వేలితో విప్పి, రాళ్లను వెలుగులో దొర్లించి చూపి, మళ్లీ ఒక్క వేలితోనే మూసేస్తున్నాడు. జిగురు లేదు, దారం లేదు, ఒక్క రాయి కూడా జారిపడదు.

శనివారం రాజస్థాన్‌లో పోలింగ్ జరగనుంది కాబట్టి గోడల నిండా పోస్టర్లున్నాయి. ఎన్నికల నియమావళి ప్రకారం పత్రాలు లేకుండా 50 వేల రూపాయలకు మించి నగదు వెంట ఉంటే తనిఖీల్లో పట్టుకుంటారని, నగదు మీద నడిచే ఈ బజారులో బేరాలు పలచబడ్డాయని ఒక దుకాణదారు వాపోయాడు. కమ్మలు చూపించమంటే ఆయన అడిగిన మొదటి మాట ‘ఎన్ని గ్రాముల్లో?’ అని. మన దుకాణాల్లోనూ అంతే. ఎన్ని కాసులు, తరుగు ఎంత, మజూరీ ఎంత అన్న మూడు ప్రశ్నలు తీరాకే నమూనా ఎలా ఉందో చూస్తాం. మన ఇళ్లలో నగ ముందు పొదుపు, తరవాతే అలంకారం. బంగారం ధర ఇంతగా పెరిగిన ఈ రోజుల్లో ఆ అలవాటును తప్పుపట్టలేను. అయితే తూకమే మొదటి ప్రశ్న అయినచోట నగను ఊహించిన మనిషికి చోటు దొరకడం కష్టం.

రెండో రోజు: 21, మంగళవారం

ఈ రోజంతా ఒకే గదిలో గడిచింది. పాత నగరంలో, రెండో అంతస్తులో, ఉత్తరపు వెలుతురు పడే కిటికీల పక్కన ఆరుగురు పనివారు నేల మీద కూర్చొని జడావు నగలు, అంటే మేలిమి బంగారంలో రాళ్లు పొదిగిన నగలు, చేసే కార్ఖానా అది. అక్కడ పనిచేయించుకునే ఒక యువ డిజైనర్ నన్ను అక్కడికి పంపింది. ఆమె గురించి తరవాత రాస్తాను.

కుందనం అంటే తెలుగులో మేలిమి బంగారం. ‘కుందనపు బొమ్మ’ అని పిల్లను మురిపెంగా అనేటప్పుడు ఆ మాట వెనక ఇంత పని ఉందని నేనెన్నడూ అనుకోలేదు. మామూలు నగలో రాయిని పట్టి ఉంచేది లోహపు గోళ్లు, లేదా చుట్టూ వంచిన అంచు. కుందన్ పనిలో అవేవీ ఉండవు. 24 క్యారెట్ల బంగారాన్ని సన్నటి పట్టీలుగా సాగగొట్టి, రాయికీ గూడుకీ మధ్య ఉన్న సందులో ఇనుప సలాకతో నొక్కుతూ పోతారు. అంత శుద్ధమైన బంగారం నిప్పు తగలకుండానే, కేవలం ఒత్తిడితోనే తనలో తాను అతుక్కుంటుంది. రాయి కింద వెండి రేకు పరుస్తారు. సానపట్టని పోల్కీ వజ్రం తనంత తానుగా మెరవలేదు కాబట్టి ఆ రేకు వెలుగును వెనక్కి తిప్పి పంపుతుంది.

నిప్పు లేకుండా పొదగడం ఎందుకంత అవసరమో మీనా పని చూసేదాకా నాకు అర్థం కాలేదు. నగ వెనకవైపు బంగారాన్ని ముందుగా ఉలితో చెక్కి పల్లాలు చేస్తారు. లోహపు ఆక్సైడులు కలిపిన రంగు గాజును మెత్తగా నూరి, నీళ్లతో తడిపి, ఆ పల్లాల్లో నింపి కొలిమిలో కాలుస్తారు. అన్ని రంగులూ ఒకే వేడిని ఓర్చుకోలేవు. ఎక్కువ వేడి తట్టుకునే తెలుపును మొదట కాలుస్తారు, అతి సున్నితమైన ఎరుపు చివరన వస్తుంది. ఇంత చేసిన మీనా మీదుగా రాళ్లు పొదగడానికి మళ్లీ నిప్పు పెడితే రంగులన్నీ పాడవుతాయి. ఆ కష్టం లేకుండా చల్లగా పొదగగలిగిన పద్ధతి ఉంది కాబట్టే ఒకే నగకు ముందు రాళ్లు, వెనక రంగులు సాధ్యమయ్యాయి.

మీనా పని చేసే పెద్దాయనను అందరూ ఉస్తాద్ అని పిలుస్తున్నారు. ఆయన చేతిలో ఒక పతకం వెనకవైపు పైకి తిరిగి ఉంది. ఎర్రటి పువ్వులు, ఆకుపచ్చ తీగలు, తెల్లటి నేల. ‘ఉస్తాద్, ఇది మెడలో వేసుకుంటే ఎవరికీ కనబడదు కదా’ అన్నాను. ‘వేసుకునే ఆవిడకు తెలుసు కదా, బిటియా’ అన్నారు. ఆ తరవాత, తలెత్తకుండానే, వెనకవైపు మీనా ఉంటే బంగారం చర్మానికి రాసుకొని అరగదని మరో కారణం చెప్పారు. మొదటి జవాబు ఇంటికి వచ్చే అతిథులకు చెప్పేదని, రెండోది పని తెలిసినవారికి చెప్పేదని నాకు అనిపించింది. రెండూ నిజమే.

లాహోర్ నుంచి మీనా పనివారిని రాజా మాన్ సింగ్ జైపూర్ పక్కనున్న తన ఆంబేర్‌కు పిలిపించాడని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ పరంపరకు చెందిన సర్దార్ కుద్రత్ సింగ్ 1988లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే అలా పేరు దక్కినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మీ పేరు నగ మీద ఎక్కడ ఉంటుందని ఉస్తాద్‌ను అడిగితే, డబ్బా మీద సేఠ్ పేరు ఉంటుందని, రంగు చూస్తే ఎవరి చెయ్యో తమ వీధిలోవారికి తెలుస్తుందని అన్నారు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. నాకు మాత్రం ఉంది.

కొనేవారి కోసం ఒక మాట చెప్పాలి. జడావు నగ లోపల డొల్లగా ఉండి, దన్నుకోసం లక్క నింపి ఉంటుంది. తూకంలో ఆ లక్క, రాళ్లు పోను బంగారం ఎంతో విడిగా రాయించుకోవాలి. ఆ లెక్క అడిగినప్పుడు మొహం మాడ్చుకునే చోట కొనకపోవడమే మంచిది.

మూడో రోజు: 22, బుధవారం

పొద్దున మీర్జా ఇస్మాయిల్ రోడ్డు మీదుగా నడిచాను. 1942 నుంచి 1946 దాకా జైపూర్ దివానుగా పనిచేసిన మీర్జా ఇస్మాయిల్ ఆ వెంటనే హైదరాబాద్ నిజాం ప్రధానిగా వచ్చిన సంగతి మనవారిలో కొద్దిమందికే గుర్తుండి ఉంటుంది. ఈ రోడ్డు మీదే 1852 నాటి జెమ్ ప్యాలెస్ అనే నగల దుకాణం ఉంది. 2012లో కన్నుమూసిన మున్నూ కాస్లీవాల్ ఆ కుటుంబం వారే. కుందన్, మీనా పద్ధతులను విడిచిపెట్టకుండానే నేటి కంటికి నచ్చే తేలికైన నగలు గీసి, జైపూర్ పనితనానికి విదేశాల్లో కొత్త గిరాకీ తెచ్చారు. తరవాతి తరం డిజైనర్లకు ఆయన చూపిన ధైర్యం చాలా పనికొచ్చిందని నా నమ్మకం.

మధ్యాహ్నం ఆమ్రపాలి మ్యూజియంలో గడిపాను. చరిత్ర చదువుకున్న ఇద్దరు మిత్రులు, రాజీవ్ అరోరా, రాజేశ్ అజ్మేరా, 1978లో ఆమ్రపాలి నగల సంస్థను మొదలుపెట్టారు. పల్లెల్లో జనం కరిగించడానికి అమ్మేసుకుంటున్న పాత వెండి నగలను వీరు కొని దాచుకున్నారు. అలా పోగైనవాటికి 2018లో ఈ మ్యూజియం నీడనిచ్చింది. బాహుబలి రెండో భాగంలోని నగలు చేసింది ఈ సంస్థే కాబట్టి మన ప్రేక్షకులకు వీరి పని తెలియకుండానే తెలుసు.

తల నుంచి పాదం దాకా ఏ అవయవానికి ఏ నగ అన్న వరుసలో చూస్తూ పోతుంటే ఒక విషయం గట్టిగా తోచింది. కిలో బరువున్న కాలి కడియాలు, చెవి పైభాగం నుంచి వేలాడే గొలుసులు, జడ పొడవునా పరుచుకునే పాములు. వీటి ముందు ఇవాళ్టి ఫ్యాషన్ వేదిక మీద ‘సాహసం’ అని పొగిడే నగలు చాలా బుద్ధిమంతంగా కనిపిస్తాయి. ‘ఆధునికం’ అనే మాటను మనం తేలికగా వాడేస్తున్నామేమో. పల్లె స్త్రీ ఒంటి మీద శిల్పాన్ని మోసింది, పైగా అది ఆమె బ్యాంకు కూడా. కరువు వచ్చిన ఏడాది ఆ శిల్పం తూకానికి పోయి కరిగిపోయింది. ఈ అద్దాల వెనక ఉన్నవి అలా కరగకుండా మిగిలినవి మాత్రమే.

నాలుగో రోజు: 23, గురువారం

నగరానికి దక్షిణాన ఉన్న సీతాపుర పారిశ్రామికవాడలో నగల ఎగుమతి సంస్థలు బారులు తీరి ఉంటాయి. వాటి మధ్య ఒక చిన్న భవనంలో రెండు గదులు అద్దెకు తీసుకొని, నన్ను ఉస్తాద్ దగ్గరికి పంపిన డిజైనర్ పనిచేసుకుంటోంది. ముప్పై దాటిన వయసు. జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో చదువుకుంది. నాలుగేళ్లు ఒక పెద్ద సంస్థలో పేరు లేని నమూనాలు గీసి, ఆ తరవాత సొంతంగా మొదలుపెట్టింది.

ఆమె మేజా మీద వెండి పొట్లాలు వరుసగా ఉన్నాయి. అవును, గోపాల్‌జీ కా రాస్తాలో నేను చూసిన కాగితపు మడతలే! రేకును అదే వరుసలో మడిచి, చెవికి తగినంత చిన్నదిగా చేసి, మూత కొద్దిగా విచ్చుకున్నట్టు వదిలేసింది. ముందు నుంచి చూస్తే ఉత్త వెండి, రాయి కూడా లేదు. వెనక్కి తిప్పితే మడత లోపలి గోడ మీద గోరంత ఆకుపచ్చ మీనా ఉంది. పచ్చలు పోసుకొని పోయాక పొట్లంలో మిగిలిన రంగులా ఉంది అది. వీధిలో అందరూ రాళ్లను చూస్తుంటే ఈమె కాగితాన్ని చూసింది. డిజైన్ అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఇక మీదట ఈ కమ్మలే చూపిస్తాను.

మొదటి నమూనాను ఆమె కాగితంతో మడిచింది, తరవాత రాగి రేకుతో. రేకు మందమైతే మడత దగ్గర పగిలింది, పలచనైతే వేలి ఒత్తిడికి సొట్టపడింది. మడతకు ముందు రేకును ఎన్నిసార్లు కాల్చి మెత్తబరచాలో చెప్పింది ఒక పాత వెండి పనివాడని ఆమె దాచకుండా చెప్పింది. మిగతా నగలు చాలావరకు పోతపని. కంప్యూటర్‌లో గీసిన రూపాన్ని యంత్రం మైనంలో అచ్చు వేస్తుంది. దాన్ని ఒకసారి లోహంలో పోతపోసి, ఆ లోహపు ప్రతి చుట్టూ రబ్బరు మూస తీసి, అందులోంచి మైనపు ప్రతులు చేసి, చెట్టు కొమ్మలకు కాయల్లా ఒక కాడకు అతికిస్తారు. ఆ చెట్టును సుద్దలాంటి ముద్దలో ముంచి కాలిస్తే మైనం కరిగిపోయి ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలోకి కరిగిన వెండి దిగుతుంది. చోళుల కాలపు కంచు విగ్రహాల సూత్రమే ఇది.

ఖర్చుల విషయం అడిగితే ఆమె పుస్తకం తెరిచి చూపింది. పనివారికి రోజువారీగా ఇవ్వాలి, వెండికి ముందే డబ్బు కట్టాలి, అమ్మిపెట్టే దుకాణాలు మాత్రం తమ వాటా పట్టుకొని మిగిలింది నెలల తరవాత ఇస్తాయి. ఒక దుకాణం ఏడాదిపాటు సరుకు ఉంచుకొని, రంగు మారిన కమ్మలను తుడవకుండానే వెనక్కి పంపిందట. వీటన్నిటికంటే ఆమెను ఎక్కువగా బాధించేది నకలు. ఫొటో పెట్టిన మూడు వారాల్లో అదే రూపం చవక లోహంలో బజారుకు వస్తుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకుంటే 10 ఏళ్ల రక్షణ, దాని మీద మరో 5 ఏళ్ల పొడిగింపు ఉంటుంది. అయితే వస్తువును లోకానికి చూపకముందే దరఖాస్తు పెట్టుకోవాలి. నమోదు చేయని రూపాన్ని యంత్రం మీద 50కి మించి తీస్తే దాని మీద కాపీరైటు కూడా పోతుంది. ప్రతి సీజన్‌లో ముప్పై రూపాలు గీసే మనిషి వాటిలో ఎన్నిటిని నమోదు చేయించుకోగలదు? నకలు తీసేవారికి చట్టం కంటే ఈ లెక్కే పెద్ద అండ.

మరి ఉస్తాద్ పేరు ఎక్కడ అని ఆమెను కూడా అడిగాను. ఆమె ఒక చిన్న కార్డు ఇచ్చింది. గీత ఎవరిది, వెండి మడత ఎవరిది, మీనా ఎవరిది అని మూడు వరుసలున్నాయి. మూడో వరుసలో పేరు లేదు, చిన్న మామిడాకు బొమ్మ ఉంది. పేరు వేయడానికి ఉస్తాద్ ఒప్పుకోలేదట. ఇతర సేఠ్‌లకు తెలిస్తే పని తగ్గుతుందని భయం. చివరికి కార్డు మీదా, కమ్మ వెనక మీనాలోనూ ఆ ఆకు గుర్తుకు మాత్రం సరేనన్నారట. ‘మేం కళను బతికిస్తున్నాం’ అని డిజైనర్లు చెప్పుకోవడం తరచూ వింటుంటాం. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది, ఎందుకంటే చాలాసార్లు బతికించేది ఆ చేతులే, బతికేది డిజైనర్ పేరు. ఈ అమ్మాయి ఆ మాట అనలేదు. కార్డు తీసి చూపింది.

ఒక జత కమ్మలు కొన్నాను. వెండి 11 గ్రాములు. ధరలో లోహం వాటా కొద్దిపాటిదేనని, మిగిలినదంతా పని అని ఆమె బిల్లు మీదే విడదీసి రాసింది. సాయంత్రం రైలెక్కి రాత్రికి ఢిల్లీ చేరాను.

అయిదో రోజు: 24, శుక్రవారం

ఢిల్లీలో గాలి మసకగా, గొంతులో గరగరలాడుతూ ఉంది. పొద్దున్నే జాతీయ మ్యూజియంలోని ‘అలంకార’ అనే నగల విభాగానికి వెళ్లాను. హరప్పా నాగరికత నాటి పూసల ముందు ఎక్కువసేపు నిలబడ్డాను. మొహంజదారోలో దొరికిన ఒక హారాన్ని దేశ విభజన వేళ పూసలు విప్పి రెండు దేశాలకూ సగం సగం పంచారు. ఆస్తి పంపకంలో అక్కచెల్లెళ్లు చంద్రహారాన్ని తెంపుకున్నట్టు.

ఇదే మ్యూజియంలో 2019లో నిజాం నగలను ప్రదర్శించారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నగలవి. 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం కూడా అందులోదే. ఆ నగలు ఎవరివో, ఎంతకు కొన్నారో, ఏ రాయి ఎన్ని క్యారెట్లో మనకు తెలుసు. వాటిని గీసినవారు, పొదిగినవారు మాత్రం జనం నోట ఎక్కడా వినబడరు. హైదరాబాద్ పాతబస్తీలో ముత్యాలు గుచ్చే వారి మునిమనవల్ని అడిగితే ఏమైనా తెలుస్తుందేమో. అది మరో ప్రయాణం.

మధ్యాహ్నం షాపూర్ జాట్‌కు వెళ్లాను. పేరుకు ఊరు, ఉన్నది నగరం నడుమ. ఇరుకు సందుల్లో బట్టల డిజైనర్ల దుకాణాలు, వాటి మేడల మీద జరీ పని చేసేవారి మగ్గాలు. అల్లావుద్దీన్ ఖిల్జీ కట్టిన సిరి కోట శిథిలాలు ఈ ఊరిని ఆనుకొనే ఉన్నాయి. 1310లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లు నుంచి ప్రతాపరుద్రుడి నిధిని వెయ్యి ఒంటెల మీద తరలించుకొచ్చాడని అమీర్ ఖుస్రో వర్ణించింది ఆ సుల్తాను రాజధానికే. కాకతీయుల నగలు వచ్చిపడిన నేల మీద నేను కమ్మలు చూసుకుంటూ తిరుగుతున్నానన్న స్పృహ ఆ పూటంతా నన్ను వదలలేదు.

పలువురు స్వతంత్ర డిజైనర్ల నగలను ఒకేచోట ఉంచిన చిన్న దుకాణంలో రెండు గంటలు ఉన్నాను. ఇత్తడి, వెండి, తుప్పుపట్టని ఉక్కు, గాజు, దారం. అక్కడ చూసినవాటికంటే ఆ చూపును నాకు నేర్పిన ఇద్దరు ముగ్గురి పని గురించి చెప్పడం న్యాయం. కోల్‌కతాకు చెందిన ఐనా అహ్లువాలియా 2011లో ‘వెడ్డింగ్ వౌస్’ (పెళ్లి ప్రమాణాలు) అనే నగల వరుసను ప్రదర్శించారు. గృహహింసకు వ్యతిరేకంగా, సిక్కులు ధరించే చిన్న కత్తి కిర్పాణ్‌ను పెళ్లికూతురి మెడలో పతకంగా వేలాడదీశారు. మన దగ్గర పెళ్లినాటి నగ అంటే పుట్టింటివారు ఎంత పెట్టారన్నదానికి లెక్క. దాన్ని ఆమె స్త్రీ తనకు తాను ఇచ్చుకున్న మాటగా మార్చారు. ముంబైలో సుహానీ పారేఖ్ శిల్పకళ చదువుకొని వచ్చి 2016లో ‘మిషో’ మొదలుపెట్టారు. ఆమె నగల్లో రాయి కంటే లోహపు వంపే మాట్లాడుతుంది. ఇక మన హైదరాబాద్‌లోనే ఉండి పనిచేస్తున్న సుహానీ పిట్టీ రత్నశాస్త్రం చదువుకొని కూడా రాళ్ల విలువను పక్కనపెట్టి, ఏ లోహంతోనైనా నగ చేయవచ్చన్న నమ్మకాన్ని ఫ్యాషన్ వేదికల మీద నిలబెట్టినవారిలో ముందువరుసలో ఉన్నారు. ముగ్గురివీ మూడు దారులు, కానీ గ్రాముల ప్రశ్నను వెనక్కి నెట్టడంలో ముగ్గురూ ఒకటే.

ఆ దుకాణంలోనే నా డబ్బా తెరిచి తాతగారి బుట్టలను ఒక కొత్త ఇత్తడి కమ్మ పక్కన పెట్టి చూశాను. కొత్తదాని చీటీ మీద ‘18 క్యారెట్ల బంగారు పూత’ అని ఉంది, పూత మందం ఎంతో లేదు. క్యారెట్లు పూత శుద్ధిని చెబుతాయి, మన్నికను చెప్పేది మందాన్ని కొలిచే మైక్రాన్లు. వెండి మీద కనీసం 2.5 మైక్రాన్ల బంగారం ఉంటేనే వెర్మెయిల్ అనాలన్నది ఈ వ్యాపారంలో అంగీకరించిన కొలత. అర మైక్రాను పూత చెమటకూ అత్తరుకూ త్వరలోనే లొంగిపోతుంది. అరవై ఏళ్ల కిందటి మా కమ్మల లోపలి మడతల్లో పూత ఇంకా నిలిచే ఉంది. కొత్త కమ్మ గీత మాత్రం మా తాతగారి గీతకంటే ఎంతో స్వేచ్ఛగా ఉంది. ఆయన బంగారు నగలను చూసి వాటికి నకలు చేశారు, అదే ఆయనకు దొరికిన గిరాకీ. బంగారాన్ని అనుకరించనక్కరలేదని, ఇత్తడి ఇత్తడిగానే అందంగా ఉండవచ్చని ఆయనతో చెప్పినవారు లేరు. గిల్టుకూ డిజైన్‌కూ మధ్య తేడా లోహంలో లేదు, పనితనంలోనూ లేదు. ఒకటి మరొక నగలా కనబడాలని చేసినది, రెండోది తనలా తాను కనబడాలని చేసినది. చిలకలపూడి చేతులకు అలాంటి గీతలు ఎవరైనా తెచ్చి ఇస్తే ఏమవుతుందో చూడాలని నాకు గట్టిగా ఉంది. బందరు దగ్గర పోతేపల్లిలో నగల పరిశ్రమకు ఒక ప్రత్యేక పార్కు ఉంది. కార్ఖానాలున్నాయి, పనివారున్నారు, పూత తొట్టెలున్నాయి.

ఆరో రోజు: 25, శనివారం

విమానానికి ముందు రెండు గంటలు చాందినీ చౌక్ పక్కనున్న దరీబా కలాన్‌లో తిరిగాను. వెండి పట్టీలు, గజ్జెలు, పళ్లేలు అన్నీ తక్కెడ మీదికే. బంగారు నగల మీద 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయిన ఆరు అక్షరాంకెల హాల్‌మార్క్ గుర్తును ఒక దుకాణదారు భూతద్దం కింద చూపించాడు. ఆ గుర్తును ఫోనులో కొడితే శుద్ధత, హాల్‌మార్క్ చేయించిన వ్యాపారి, పరీక్షించిన కేంద్రం వివరాలు వస్తాయి. అంతవరకు మంచి పనే. చేసినవారి వివరానికి అందులో గడి లేదు.

రాత్రి ఇంటికి చేరేసరికి అమ్మ మెలకువగానే ఉంది. తాతగారి డబ్బా ముందు తీసుకొని కమ్మలు రెండూ ఉన్నాయో లేవో చూసుకొని పక్కన పెట్టింది. తరవాత వెండి పొట్లాలను అరచేతిలో వేసుకొని, అలవాటుగా, ఒకసారి పైకీ కిందికీ ఆడించింది.

‘పది గ్రాములుంటాయా?’

‘పదకొండు, అమ్మా.’

ధర చెబితే ఏమంటుందోనని ఆగాను. ఆమె అడగలేదు. కళ్లజోడు పెట్టుకొని దీపం కిందికి జరిగి, కమ్మను వెనక్కి తిప్పి, మామిడాకును గోటితో తడిమి, శీల మొదలును చాలాసేపు చూసింది. పనివాడి కూతురు ఆమె.

‘మడత ఎక్కడా చిట్లలేదు. శీల ఎక్కడ అతికాడో కనబడటం లేదే,’ అంది.